చెరువు మొక్కల మీద చదువు ఎందుకని నవ్వకుండ్రి



పోయిన వానకాలం వరి కోతకు వచ్చే టైంల మా చెరువు కాడ ఒక ఆడపిల్ల కనబడ్డది. ఎవరో కాదు, మా పక్కింటి తమ్ముని బిడ్డనే. ఎం.ఎస్సీ బాటనీ చదువుతున్నది. కాళ్లకు గంబూట్లు, చేతులకు గ్లౌజులు, ప్లాస్టిక్ పైపులతోటి చేసిన మీటరు పొడుగు మీటరు వెడల్పు చట్రం ఒకటి, నాలుగు సీసాలు, పాత పేపర్ల కట్ట. చట్రం నీళ్ల మీద పెడ్తది, దాని లోపట ఏ మొక్కలు ఎన్ని ఉన్నయో లెక్కపెడ్తది, నోటుబుక్కుల రాసుకుంటది. మళ్ల పది అడుగులు జరిగి ఇంకోకాడ పెడ్తది. పొద్దటి నుంచి పగటీలి దాక ఇదే పని.

రచ్చకట్ట మీద మనోళ్ల ముచ్చట మీకు తెలిసిందే. "గుర్రపుడెక్క మీద గూడ చదువుంటదా?" అని ఒకడు. "చదువు అయిపోతే చెరువుల గడ్డి పీకే కాంట్రాక్టు ఇస్తరు తియ్" అని ఇంకొకడు. అందరం నవ్వినం. నేను గూడ నవ్విన, దాచేది ఏముంది.

పొద్దుగూకినంక ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఒక్కటే మాట అడిగింది.

"పెద్దనాయనా, నీ చిన్నతనంల మన చెరువుల ఏమేం మొక్కలు ఉంటుండె?"

నేను అరుగు మీద కూసొని వేళ్ల మీద లెక్కపెట్టుకుంట చెప్పిన. తామర. అల్లిపూలు. నీళ్ల లోపట తీగెలు తీగెలు పెరిగే నాచు, దాన్ని హైడ్రిల్లా అంటరని తర్వాత తనే చెప్పింది. తుంగ. జమ్ము. ఒడ్డుకు పొన్నగంటి. తూటికూర. కొన్నేండ్లు సింగాడ గూడ వేసిన్రు. నీళ్ల మీద పెసరగింజంత ఆకులతోటి తేలే సన్న మొక్క. ఇంక పేరు యాదికి రాని ఒకటి రెండు.

"మరి ఇప్పుడు?"

గుర్రపుడెక్క, జమ్ము, ఒడ్డుకు లొట్టపీసు. మూడే. నాలుగోది చెప్పరాలే నాకు.

"నేను రాస్తున్నది ఇదే పెద్దనాయనా. ఏ మొక్క పోయింది, ఎందుకు పోయింది, ఉన్నది ఎందుకు ఉన్నది" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ పట్టలే. యాభై ఏండ్ల సంది దినాం చూసే చెరువుల ఇన్ని తీర్ల మొక్కలు మాయమైతే, ఒక పిల్ల వచ్చి అడిగేదాక నేను లెక్కే పెట్టలే. అందుకే ఈ పోస్టు రాస్తున్న. చెరువు మొక్కల మీద పిల్లలు చేసే పరిశోధన మనకు అక్కరకొచ్చే పని, కాకపోతే దాన్ని అక్కరకు తెచ్చుకునుడు మనకు రాలే. నా అభిప్రాయం ఇది. ఎందుకో చెప్త, జర ఓపికతోటి చదవండి.

మొదలు ఆ చదువు ఏందో తెలుసుకుందాం. మనం పొలంల ఆకు పచ్చబడ్డా, ఎర్రబడ్డా చూసి ఏ ఎరువు తక్కువైందో చెప్తం కదా. చెరువుకు గూడ అంతే. నీళ్ల లోపట పెరిగే నాచుకు ఎండ కావాలె. నీళ్లు మురికైతే ఎండ లోపలికి దిగదు, ముందుగాల పోయేది అదే. ఊరి మురుగు, యూరియా, డీఏపీ కొట్టుకొచ్చి చెరువుల పడితే నత్రజని, భాస్వరం ఎక్కువైతయ్. అది గుర్రపుడెక్కకు పండుగ. ఆ మొక్క మనది కాదు, దక్షిణ అమెరికాది. పూవు అందంగ ఉన్నదని వందేండ్ల కింద మన దేశానికి తెచ్చిన్రు. మంచిగ మేత దొరికితే రెండు వారాలల్ల రెండింతలు అయితది. చెరువు మీద చాప పరిచినట్టు కప్పేస్తది. కింద ఎండ లేదు, నాచు లేదు, చచ్చిన ఆకులు అడుగున కుళ్లుతయ్. కుళ్లేటప్పుడు నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్ గుంజుకుంటయ్.

తెల్లారేసరికి చేపలు తేలుడు మీరు చూసే ఉంటరు. రాత్రి పూట ఎండ ఉండదు కాబట్టి మొక్కలు ఆక్సిజన్ ఇయ్యవు, అవి గూడ తీసుకుంటయ్. తెల్లారగట్ల నీళ్లల్ల ఆక్సిజన్ అన్నిటికంటె తక్కువ ఉంటది. చేపలకు లీటరు నీళ్లల్ల కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని ప్రభుత్వం పెట్టిన లెక్క. అందుకే ఆ పిల్ల ఒక్కోసారి తెల్లారగట్ల ఐదు గంటలకే వాళ్ల నాయనను తోలుకొని చెరువు కాడికి పోయింది. అప్పుడు కొలిచిందే అసలు లెక్క.

ఇప్పుడు ఇది మనకెందుకు? చేపలు చచ్చినప్పుడు మనం ఏం చేస్తం? కట్ట మీద గుమిగూడి కంపెనీలను తిడ్తం. అధికారులు వస్తరు, సీసల నీళ్లు పట్టుకపోతరు. తర్వాత మాట, "ఊరి మురుగు తోటి ఆక్సిజన్ తక్కువైంది, అందుకే చచ్చినయ్" అంటరు. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. కాదు అని చెప్పడానికి మన దగ్గర ఏమున్నది? ఏం లేదు. పోయిన నెల ఆక్సిజన్ ఎంత, పోయినేడు ఏ మొక్క ఉండె, ఏ నెలల పోయింది, ఏ కాలువ మూతి కాడ ముందుగాల పోయింది, ఇవి రాసి ఉంటే మన మాటకు బలం. మురుగు కాలువ మూతి కాడ గుర్రపుడెక్క ఏపుగ పెరుగుతది. అదే ఇంకో నాలా మూతి కాడ గుర్రపుడెక్క గూడ మాడిపోయి ఉంటే ఆ నీళ్లల్ల వేరే ఏదో ఉన్నదని అనుమానం వస్తది. అనుమానం వచ్చినకాడ నీళ్లు పట్టి ల్యాబుకు పంపాలె. మొక్క చెప్పేది ఆఖరి తీర్పు కాదు, ఎక్కడ వెతకాలెనో చూపిస్తది.

మన పటాన్‌చెరు బెల్టు కథ పెద్దోళ్లకు నేను చెప్పనక్కర లేదు. అయినా పిలగాండ్ల కోసం రాస్త. 1970ల సంది పటాన్‌చెరు, బొల్లారం దిక్కు కంపెనీలు వచ్చినయ్. ఇసుకవాగు పోయి నక్కవాగుల కలుస్తది, నక్కవాగు పోయి మంజీరల కలుస్తది. వాగు రంగు మారింది, బావుల నీళ్లు మారినయ్. డాక్టర్ కిషన్‌రావు గారి లాంటోళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. 1990ల ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 2001ల ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మట్టిల భారలోహాలు ఉన్నయని అచ్చు వేసిన్రు.

2007ల స్వీడన్ దేశం గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ లార్సన్ అనే ఆయన బృందం ఒక లెక్క బయటపెట్టింది. అప్పుడు సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థపు నీళ్లు ఇక్కడి ఉమ్మడి ప్లాంటుకు పోతుండె. అక్కడ శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నదని తేలింది. ఇన్ఫెక్షన్లకు మనం మింగే గోళీ అది. గోళీ మింగిన మనిషి రక్తంల ఉండేదాని కన్న ఆ నీళ్లల్లనే ఎక్కువ ఉన్నది. 2009ల వచ్చిన ఇంకో పేపర్ల చెరువులల్ల, ఊర్ల బావులల్ల గూడ మందుల ఆనవాళ్లు ఉన్నయని రాసిన్రు. ప్రపంచమంత అప్పుడు మన పటాన్‌చెరు పేరు తెలుసుకున్నది.

నాకు బాధ ఎక్కడ అంటే, ఆ నీళ్లు మన ముంగటనే పారినయ్. వాసన మన ముక్కుకు వచ్చింది, దురద మన కాళ్లకు పుట్టింది. మనం చూసినం, అనుభవించినం, కానీ రాసుకోలే. ఎక్కడో మంచు దేశపోడు సీసల నీళ్లు పట్టి, కొలిచి, కాయితం మీద పెడితే లోకం నమ్మింది. అనుభవం మనది, లెక్క వాళ్లది. ఈ లెక్క మన ఊరి పిల్లలు రాస్తే తప్పేముంది?

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయిన. నీళ్ల మీద తేలే పెసరగింజంత ఆకుల మొక్క అని పైన రాసిన కదా, దాన్ని లెమ్నా అంటరు. ఏదన్న రసాయనం నీటి మొక్కలకు ఎంత కీడు చేస్తదో తెలుసుకోవడానికి లోకమంతట ఈ మొక్కనే వాడుతరట. ఓఈసీడీ అనే దేశాల సంస్థ 2006ల దానికి ఒక పద్ధతి గూడ రాసి పెట్టింది. ఆ రసాయనం కలిపిన నీళ్లల్ల కొన్ని లెమ్నా ఆకులు వేస్తరు, మంచి నీళ్లల్ల కొన్ని వేస్తరు, ఏడు దినాలు పెంచి రెండిట్ల ఆకులు లెక్కపెడ్తరు. ఎక్కడ తక్కువ పెరిగినయో చూస్తరు, అంతే. సూక్ష్మజీవులను చంపే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఈ మొక్కను గూడ ఆపుతయ్. ఎందుకంటే ఆకుల ఉండే పచ్చ కణాలకు మూలం ఒకప్పటి సూక్ష్మజీవులేనట. మనం బర్రె గూడ ముట్టని నాచు అని తీసిపారేసిన మొక్క ఇంత పని చేస్తది.

ఇప్పుడు అసలు జాగ్రత్త మాట. ఇది నా ఇంటి సంగతి.

నేను రెండేండ్లు వాగు ఒడ్డున పెరిగే పారాగడ్డి కోసి నా రెండు బర్రెలకు వేసిన. ఎండకాలం గూడ పచ్చగ ఉంటది, పైస ఖర్చు లేదు. ఆ రెండేండ్లల్ల ఒక బర్రెకు రెండుసార్లు చూడి నిలవలే. గడ్డి వల్లనే అని నేను చెప్పలేను, నా దగ్గర పరీక్ష లేదు. ఈ పిల్లకు ముచ్చట చెప్తే ఒక్కటే మాట అన్నది. "పెద్దనాయనా, నీటి మొక్కలు సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చుకొని వేర్లల్ల, ఆకులల్ల దాచుకుంటయ్. ఆ గడ్డి పరీక్ష చేపించేదాక వెయ్యకు." అది వట్టి మాట కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎం.ఎన్.వి. ప్రసాద్ లాంటోళ్లు మొక్కలు లోహాలను ఎట్ల పీల్చుకుంటయని ఏండ్ల తరబడి పరిశోధన చేసి పుస్తకాలు తెచ్చిన్రు. అది మన పక్కన గచ్చిబౌలిల ఉన్న యూనివర్సిటీ.

నేను గడ్డి కోసుడు బంద్ పెట్టిన. ఇప్పుడు దినాం మోపు గడ్డి కొంటున్న. కష్టమే. కానీ ఆ పాలు నా మనుమడు తాగుతడు, పట్నంల ఎవరి మనుమడో తాగుతడు. తెలువక వేసిన దినాలు వేరు, తెలిసినంక వేసుడు వేరు.

"మొక్కలు విషం పీలుస్తయంటే మంచిదే కదా, చెరువు దానంతట అదే సాఫ్ అయితది, గుర్రపుడెక్క అట్లనే ఉండనియ్యుండ్రి" అని మా ఊర్ల ఒకాయన వాదించిండు. సగం నిజం అబద్ధం కన్న చెడ్డది. మొక్క పీల్చుకున్న లోహం మాయం కాదు. మొక్క అక్కడనే చచ్చి కుళ్లితే మళ్ల నీళ్లల్లకే, బురదలకే వస్తది. సాఫ్ కావాలంటే టైముకు కోసి బయటికి తీయాలె. తీసినదాన్ని ఎరువు కుప్పల వెయ్యొద్దు, మేత వెయ్యొద్దు, పరీక్ష చేసి ఎక్కడ వెయ్యాలెనో అక్కడ వెయ్యాలె. పైనుంచి దినాం విషం వస్తనే ఉంటే కింద ఎన్ని మొక్కలు పెడితే ఏం లాభం? నల్లా బంద్ చెయ్యకుండ నేల తుడిచినట్టే.

మన పక్కన ఇక్రిశాట్ వాళ్లు జమ్ము, మెట్టతామర లాంటి మొక్కల మడుల గుండ మురుగు నీళ్లు పంపి, శుద్ధి చేసి పంటకు వాడే పద్ధతి చూపెట్టిన్రు. మంచి పద్ధతి. అది ఇండ్ల మురుగుకు. దాన్ని చూపెట్టి, రసాయనాల నీళ్లకు గూడ మొక్కలే సాలు అని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. కంపెనీ గేటు కాడ ఆపాల్సింది గేటు కాడనే ఆపాలె.

మిషన్ కాకతీయ యాదికి ఉన్నదా? 2015ల మొదలైంది. చెరువు మట్టి పొలాలకు తోలుకున్నం, చాన ఊర్లల్ల మేలు జరిగింది. కానీ మన బెల్టుల కొన్ని చెరువుల బురద వేరే తీరు. ఏండ్ల సంది దిగిన లోహాలు అడుగు బురదల ఉంటయ్. అసొంటి చెరువుల మట్టి తోలే ముందు పరీక్ష చెయ్యాలె. ఏ కొసకు మొక్కలు మంచిగున్నయ్, ఏ కొసకు చచ్చినయ్ అని ఒక విద్యార్థి గీసిన పటం ఉంటే, ఎక్కడి మట్టి ముందుగాల పరీక్షకు పంపాలెనో తెలుస్తది.

ఇంక భయం ముచ్చట. మా ఊర్ల ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి అన్నడు, "నువ్వు ఆ పిల్లను ఎంకరేజ్ చేస్తున్నవ్. రేపు మన చెరువు ఖరాబు అని రిపోర్టు వస్తే మన పాలు ఎవడు కొంటడు? కూరగాయలు ఎవడు కొంటడు? భూమి ధర పడిపోతే నువ్విస్తవా?"

ఆయన మాట తీసిపారేసేది కాదు. నాకు గూడ ఆ భయం ఉన్నది. ఈ పోస్టుల మా ఊరి పేరు రాయనిది అందుకే. నేను వీరున్ని కాదు. కానీ ఆలోచించుండ్రి. కంపెనీకి దాని నీళ్లల్ల ఏమున్నదో తెలుసు. పెద్ద ప్లాట్లు కొనేటోడు బోరు నీళ్లు పరీక్ష చేపించినంకనే అడ్వాన్సు ఇస్తడు. తెలువనిది ఒక్క మనకే, ఆ నీళ్లు తాగేది గూడ మనమే. ఇంకొకటి, పరీక్షల మంచిగున్నదని గూడ రావచ్చు కదా? అప్పుడు ఆ కాయితమే మన పాలకు, మన కూరగాయలకు సాక్ష్యం. తెలుసుకుంటే ఒక్కసారి నష్టం కావచ్చు, తెలుసుకోకపోతే దినాం నష్టం.

చదువుకునే పిల్లలకు, వాళ్ల సార్లకు గూడ ఒక మాట. ముంబై హైవే మీద లెక్కపెట్టుండ్రి. 1972ల వచ్చిన ఇక్రిశాట్ ఉన్నది, కందిల ఐఐటీ ఉన్నది, పట్నం దిక్కు పోతే రెండు పెద్ద యూనివర్సిటీలు ఉన్నయ్. దీపం కింద చీకటి అన్నట్టు మన చెరువు లెక్క మన ఊర్లనే లేదు. వెనుకట ఒకసారి ఎవరో వచ్చి మా బావి నీళ్లు, మట్టి పట్టుకపోయిన్రు. రిపోర్టు పంపుతం అన్నరు. ఫోన్ నంబరు గూడ రాసుకున్నరు. ఇప్పటి దాక రాలే. వాళ్లకు పట్టా వచ్చే ఉంటది. పీహెచ్‌డీ పుస్తకాలు శోధగంగ అనే వెబ్‌సైటుల పెడ్తరు, మంచిదే, ఎవరన్న చదువుకోవచ్చు. కానీ వందల పేజీల ఇంగ్లీషు మా చెల్కల పనిచేసేటోడు ఎట్ల చదువుతడు? మా చెరువు నీళ్లు పట్టుకపోయినోళ్లు ఒక్క పేజీ తెలుగుల రాసి గ్రామసభల చదవాలె. ఏం దొరికింది, ఏం దొరకలే, మేం ఏం జేయాలె, ఏం జేయొద్దు. ఈ నాలుగు ముక్కలు చాలు. ఇది దయ కాదు, బాకీ.

ఒక్క ఏడాది చూసి పోతే గూడ సరిపోదు. ఎండకాలం చెరువు వేరు, వానకాలం చెరువు వేరు. ఒక పిల్ల చేసినకాడనే, అదే నెలల, వచ్చే ఏడు ఇంకో పిల్ల చెయ్యాలె. పదేండ్ల లెక్క ఒకకాడ ఉంటే దాని ముంగట ఏ వకీలు గూడ తేలికగ మాట్లాడలేడు.

మరి మనం చేసేది ఏంది? పైసలు అక్కర లేని పనులే చెప్త.

చెరువు కట్ట మీద ఒక రాయి గుర్తు పెట్టుకోండి. ప్రతి నెల అదే తారీఖు, అదే రాయి మీద నిలబడి, అదే దిక్కుకు ఫోన్ల ఫోటో తీయుండ్రి. ఒక నోటుబుక్కుల తారీఖు, నీళ్ల రంగు, వాసన, ఏ మొక్క ఎక్కడి దాక ఉన్నది, చేపలు చచ్చినయా అని రాయుండ్రి.

విద్యార్థులు వస్తే నవ్వకుండ్రి. తొవ్వ చూపెట్టుండ్రి, లోతు ఎక్కడున్నదో చెప్పుండ్రి. మొక్కలకు మన ఊరి పేర్లు చెప్పుండ్రి. మనం పోతే ఆ పేర్లు చెప్పేటోడు ఉండడు. పోయేటప్పుడు రిపోర్టు ఎప్పుడు తెస్తవ్ బిడ్డా అని అడుగుండ్రి.

పంచాయతీ సెక్రటరీని ఒక మాట అడుగుండ్రి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ఊరి మొక్కలు, జంతువులు, వాటి మీద మన పెద్దల తెలివి అంత రాసే రిజిస్టర్ ఉండాలె. మన ఊరి రిజిస్టర్ ఏది అని అడుగుండ్రి. ఉంటే దాంట్ల చెరువు మొక్కలు ఉన్నయా చూడుండ్రి. లేకపోతే రాయించుండ్రి. మన పక్కన అమీన్‌పూర్ చెరువును 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలం అని ప్రకటించింది ఈ చట్టం కిందనే. ఒక చెరువుల ఏమేం బతుకుతున్నయో రాసి పెట్టుకుంటేనే అది కాపాడాల్సిన చెరువు అని నలుగురికి చెప్పగలం.

ఇంకొకటి, అనుమానం ఉన్న నాలా పక్క పొన్నగంటి, తూటికూర తెంపకుండ్రి, ఎంత లేతగున్నా. గడ్డి సంగతి నా కథ విన్నరు కదా.

ఆ పిల్ల ప్రాజెక్టు మొన్న అయిపోయింది. పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది. కానీ వెనుక ఒక పేజీల తెలుగుల పట్టిక ఉన్నది, ఒక దిక్కు మా చెరువుల ఇప్పుడున్న మొక్కలు, ఇంకో దిక్కు పోయిన మొక్కలు. పోయినవాటి పేర్లు చాన మటుకు నేను, ఇంక ఇద్దరు ముసలోళ్లు చెప్పినవే. ఆ పేజీ జిరాక్స్ తీసి పంచాయతీ ఆఫీసుల ఇచ్చిన. సెక్రటరీ తీసుకున్నడు, చూద్దాం.

పోయిన సద్దుల బతుకమ్మకు మా వాడకట్టు ఆడోళ్లు చెరువుకు పోలే. ట్యాంకరు నీళ్లు తెచ్చి, గుంత తవ్వి, అందుల వేసిన్రు. నా చిన్నప్పుడు మా అమ్మ బతుకమ్మను నీళ్లల్ల వదిలితే పక్కన తామరాకులు కదులుతుండె. మళ్ల ఆ దినాలు వస్తయో రావో నేను చెప్పలేను. రావాలంటే ముందుగాల ఏం పోయిందో రాసుకోవాలె.

మీ ఊరి చెరువుల ఏమేం మొక్కలుండె, ఇప్పుడు ఏమున్నయ్? ఇయ్యాల రాత్రి మీ ఇంట్ల ముసలోళ్లను అడిగి రాసి పెట్టుకోండి.

ఉంట మరి. నమస్తే.